లీకు దొరికేదాకా

భీమడోలులో వరదానం ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ వరదానం అని తిరిగి అడుగుతారు. ఐసు ఫ్యాక్టరీ వరదానం అంటే మాత్రం రైలు గేటు దగ్గర టీ కాచే మనిషి కూడా చేతిలో గరిటెతోనే దారి చూపిస్తాడు. ఆయన ఆ ఫ్యాక్టరీ వదిలేసి పదకొండేళ్ళయింది. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

పంతొమ్మిదో ఏట చేరాడందులో. ఆగడాలలంక వెళ్ళే దారి పక్కన పెద్ద రేకుల షెడ్డు అది. కొల్లేటి చెరువుల్లో పట్టిన చేప చెడకుండా ఊరు దాటాలంటే ఐసు కావాలి. లారీలు తెల్లారకముందే వచ్చి వరసకట్టేవి. వరదానం మొదట నాలుగేళ్ళు ఇనప కొక్కెంతో ఐసు దిమ్మలు లాగాడు. తర్వాత కంప్రెషర్ దగ్గర ఆపరేటరుకి సాయం, ఆ తర్వాత తనే ఆపరేటరు. చదివింది ఎనిమిదో తరగతే అయినా పైపు మీద అరచెయ్యి ఆనించి, కంప్రెషర్ చప్పుడు విని, లోపల అమ్మోనియా ఎంతుందో ఎక్కడ అడ్డుపడుతోందో చెప్పేసేవాడు. అలా ముప్పై మూడేళ్ళు గడిచాయి.

ఆ ఉద్యోగం ఒక ఏప్రిల్ నెలలో ఒక్క పూటలో ముగిసిపోయింది. పైపు జాయింటు దగ్గర సందు మూసే గాస్కెట్ ఊడి, అమ్మోనియా షెడ్డంతా కమ్మేసింది. అందరూ బయటికి పరిగెడుతుంటే వరదానం తడి గోనెపట్టా ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్ళాడు. వాల్వు కట్టేసి, దిమ్మలు లాగుతూ లోపలే పడిపోయిన శామ్యూల్‌ని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. శామ్యూల్‌కి ఎడమ కన్ను పోయింది. వరదానానికి వాసన తెలియడం పోయింది. మల్లెపూవైనా మురిక్కాలవైనా ఆయనకి ఒకటే. ఏలూరు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఆయన భార్య రాజకుమారి, ఇంక జన్మలో గ్యాసు వాల్వు ముట్టుకోనని మాట తీసుకుంది. ఆ మాట ఆయన పదకొండేళ్ళు నిలబెట్టుకున్నాడు. చర్చి ఆవరణ శుభ్రం చూసుకోవడం, పెరట్లో నాలుగు బెండమొక్కలు పెంచడం, అంతే ఆయన పని.

కూతురు మెర్సీ వాళ్ళతోనే ఉంటుంది. అల్లుడు ఆనంద్ పాల్‌ది సామర్లకోటలో రైల్వే ఉద్యోగం, ఆదివారానికి వచ్చి వెళ్తాడు. మెర్సీ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. మొదట్లో చుట్టుపక్కల పుట్టినరోజులకి చేసేది. చెయ్యి మంచిదని పేరు రావడంతో పెళ్ళి కేకులదాకా ఎదిగింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఎక్కడికైనా తనే ఒక పాత కారులో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చి వస్తుంది. క్రీము కేకు ఎండకి ఆగదు. కారులో ఏసీ ఉంటేనే ఆ వ్యాపారం.

కిందటి మే నెల మొదటి శుక్రవారం ఆ ఏసీ మెర్సీని నట్టేట ముంచింది. తాడేపల్లిగూడెంలో పెళ్ళి రిసెప్షను. మూడంతస్తుల కేకు వెనక సీట్లో పెట్టి బయల్దేరింది. పూళ్ళ దాటేసరికి ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. ఉంగుటూరు దగ్గర ఆపి వెనక్కి చూస్తే పై అంతస్తు ఒక పక్కకి జారి, గులాబీలన్నీ కింది అంతస్తు మీద వాలి ఉన్నాయి. చెట్టు కింద ఆపి కత్తితో సర్దబోయింది గాని అది ఇంకా జారింది. చివరికి పెళ్ళివాళ్ళకి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పింది. వాళ్ళు గట్టిగా ఏమీ అనలేదు. అక్కడే ఒక బేకరీలో దొరికిన కేకు తెప్పించుకున్నారు. అదే మెర్సీకి ఎక్కువ కష్టంగా తోచింది.

ఆ ఏసీకి అంతకుముందే రెండుసార్లు గ్యాసు ఎక్కించారు. ఎక్కించిన రోజు మంచు కురిసినట్టుండేది. మూడు వారాలకి మళ్ళీ మామూలే. ఆ రోజు వచ్చేదారిలో మూడోసారి చూపిస్తే కంప్రెషరే మార్చాలన్నారు. మెర్సీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కారు వాకిట్లో పెట్టి, పాడైపోయిన కేకు పళ్ళేలు కడుక్కుంటూ కూర్చుంది.

వరదానం బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తమని కూతుర్ని అడిగాడు. ఇంజను నడుపుతూ ఏసీ స్విచ్చి నొక్కమన్నాడు. స్విచ్చి నొక్కగానే కంప్రెషర్‌ని తిప్పాల్సిన ముందు చక్రం దాన్ని పట్టుకోవడం లేదు. లోపల గ్యాసు చాలకపోతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉండి ఉంటుందని ఆయనకి తోచింది. ఇంజను ఆపించి చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. నెమ్మదిగా, ఎక్కడా గరగరమనకుండా తిరిగింది.

"కంప్రెషర్‌కేం కాలేదమ్మా," అన్నాడు. "గ్యాసు ఎక్కడో పోతోంది."

గుమ్మంలో నిలబడి చూస్తున్న రాజకుమారికి ఆ గ్యాసు అన్న ముక్క చాలు. "ఏవండీ, మీరు లోపలికి రండి," అంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయన వైపు చూడలేదు.

తెల్లవారి ఆయనే ఆమె దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఇది అమ్మోనియా కాదని, ముక్కూ కళ్ళూ మండించే రకం కాదని, ఆరుబయట జాగ్రత్తగా చేస్తే భయం లేదని చెప్పాడు. గ్యాసు తీయడం, ఎక్కించడం తను చెయ్యనని, దానికి సామాను ఉన్న మనిషిని పిలుస్తానని, తను లీకు మాత్రం వెతుకుతానని చెప్పాడు. రాజకుమారి చాలాసేపు చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. చివరికి, కళ్ళద్దాలూ చేతులకి తొడుగులూ లేకుండా బానెట్ ఎత్తితే కారు తాళంచెవి నూతిలో పారేస్తానంది. అదే ఒప్పుకోవడం.

సామాను ఉన్న మనిషి ఏలూరులో దొరికాడు. పేరు అహ్మద్. నలభై అయిదేళ్ళుంటాయి. ఫ్రిజ్‌లూ ఇంటి ఏసీలూ కారు ఏసీలూ అన్నీ చేస్తాడు. వాళ్ళమ్మాయి ఫర్జానా పుట్టినరోజుకి కేకు మెర్సీయే చేసింది. ఆ పరిచయంతో అడిగితే, షాపు కట్టేశాక వచ్చాడు. పెద్దాయన ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరని తెలిసి, "అయితే నేనేం చెప్పక్కర్లేదండీ బాబాయిగారూ, సామాను పట్టుకుని నిలబడతాను," అన్నాడు. పైపుల్లో మిగిలిన కాస్త గ్యాసునీ తన ఖాళీ సిలిండరులోకి లాగేశాడు.

ఆ మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే వరదానం ముందు బంపర్ ఊడదీశాడు. గ్యాసు చల్లబడే జాలీ దాని వెనకే ఉంటుంది. రాళ్ళు తగిలి అక్కడ చిల్లు పడిందేమోనని ఆయన అనుమానం. బంపర్ పట్టి ఉంచే ప్లాస్టిక్ మేకులు రెండు విరిగాయి. జాలీ అంతా అద్దం పెట్టి చూశాడు. ఎక్కడా చమురు మరక లేదు. గ్యాసు బయటికి పోయేచోట దాంతోపాటు కాస్త నూనె కూడా వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ముప్పై మూడేళ్ళు ఆ మరకల్ని వెతికే బతికాడు గనక ఇక్కడా దాన్నే వెతికాడు. విరిగిన మేకులు చూసి మెర్సీ విసుక్కుంది. ఉన్న రోగం చాలక కొత్త రోగమా అని సణిగింది.

సోమవారం అహ్మద్ లీకు పట్టడానికి నైట్రోజన్ సిలిండరు తెచ్చాడు. కారుకి గ్యాసు ఎక్కించే మూతులు రెండుంటాయి. ఆ మూతుల మీది మట్టి వరదానమే గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. అహ్మద్ ఒత్తిడి చూపే గేజీల గొట్టాలు రెండూ వాటికి బిగించి, పైపుల నిండా నైట్రోజన్ ఎక్కించి, గేజీలు అక్కడే వదిలి వెళ్ళాడు. వరదానం సబ్బునురగ కలిపి, మెర్సీ కేకుల మీద క్రీము పూసే మెత్తని బ్రష్షు ఒకటి అడిగి తీసుకుని, ప్రతి జాయింటుకీ పూశాడు. లీకుంటే బుడగ వస్తుంది. ఎక్కడా రాలేదు.

ఐసు ఫ్యాక్టరీలో ఆయనకి బుడగలతో అవసరమే ఉండేది కాదు. అమ్మోనియా పిసరంత బయటికొచ్చినా ముక్కు చెప్పేసేది. ఈ కారు గ్యాసుకి వాసన లేదు. ఉన్నా ఇప్పుడు ఆయనకి తెలియదు. సాయంత్రందాకా ఎండలో వంగి వంగి నడుము పట్టేసింది. మంగళవారం పొద్దున్నే వెళ్ళి గేజీ చూశాడు. ముల్లు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

ఫోనులో చెబితే అహ్మద్, అయితే లీకే లేదండీ, ముందు ఎక్కించినవాళ్ళు సరిగ్గా ఎక్కించి ఉండరు, మధ్యాహ్నం వచ్చి గ్యాసు ఎక్కించేస్తానన్నాడు. మెర్సీకి ప్రాణం లేచి వచ్చింది. బుధవారం ఏలూరులో రెండు ఆర్డర్లు, శనివారం కైకలూరులో పెద్ద పెళ్ళి.

వరదానం వద్దన్నాడు. మూడు వారాల్లో పోయే గ్యాసు ఊరికే పోదని, దారి దొరికేదాకా ఎక్కించొద్దని అన్నాడు.

"నాన్నా, మూడు వారాలు చాలు నాకు," అంది మెర్సీ. "ఈ పెళ్ళిళ్ళు అయిపోనీండి. తర్వాత తీరిగ్గా వెతుకుదురుగాని. ఇప్పటికి గ్యాసు ఎక్కించి నడిపించేద్దాం."

వరదానం చేతిలో బ్రష్షు పక్కన పెట్టాడు. వాకిట్లో అరుగు మీద కూర్చుని, కూతుర్ని కూడా కూర్చోమన్నాడు.

"ఆ మాటే ఫ్యాక్టరీలో నేనన్నానమ్మా," అన్నాడు.

మెర్సీకి అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. గాస్కెట్ ఊడడానికి మూడు రోజుల ముందే ఆ జాయింటు దగ్గర వాసన రావడం మొదలైంది. యజమానికి చెప్పాడు. చేపల పట్టుబడి రోజులు, బయట లారీలు నిలబడి ఉన్నాయి, ఈ వారం గట్టెక్కించు వరదానం అన్నాడాయన. వరదానం సరే అన్నాడు. రోజూ పొద్దున్నే తగ్గిన మేరకి అమ్మోనియా ఎక్కించి, ఏమీ ఎరగనట్టు నడిపించాడు. నాలుగో రోజు అది ఊడింది.

"వాల్వు కట్టానని, మనిషిని మోసుకొచ్చానని అందరూ మెచ్చుకున్నారు. చర్చిలో నిలబెట్టి ప్రార్థన చేశారు. ముందు మూడు రోజులు ఏం చేశావని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రాజకుమారి వింటోందని ఇద్దరికీ తెలిసింది.  మెర్సీ లేచి వెళ్ళి, బుధవారం కేకులవాళ్ళకి ఫోన్ చేసి, వేరే ఏర్పాటు చూసుకోమని మర్యాదగా చెప్పింది. అహ్మద్‌కి కూడా, ఇవాళ రావద్దని తనే చెప్పింది.

వరదానం మళ్ళీ కారు దగ్గరికెళ్ళాడు. ఈసారి ఏదీ ముట్టుకోకుండా నిలబడి ఆలోచించాడు. ముల్లు కదల్లేదంటే పైపులన్నీ బాగున్నాయన్నమాట. మరి రోడ్డు మీద తిరిగేటప్పుడు ఉన్నదీ ఇప్పుడు లేనిదీ ఏమిటి? రోడ్డు మీద ఈ గేజీలు ఉండవు. గ్యాసు ఎక్కించే మూతులకి ఇప్పుడు గేజీ గొట్టాలే బిరడాల్లా బిగిసి ఉన్నాయి. సబ్బునురగ పూయని చోట్లంటూ ఉంటే అవి రెండే.

గొట్టం ఒకటి విప్పాడు. బుస్సుమని గొట్టంలో ఉన్న గాలి పోయి చప్పుడు ఆగిపోయింది. మూతి మీద నురగ పూశాడు. ఏమీ లేదు. రెండోది విప్పి పూసి, చూపు తిప్పకుండా నిలబడ్డాడు. ఇరవై లెక్కపెట్టేసరికి నురగ మధ్యలో ఆవగింజంత బుడగ లేచింది. పెరిగి శనగగింజంతయి పగిలింది. దాని వెనకే ఇంకోటి.

ఆయన కేక వెయ్యలేదు. "మెర్సీ, ఒకసారి ఇలా రామ్మా," అని పిలిచాడంతే. తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి ఆ బుడగల్ని చూశారు. సైకిలు ట్యూబుకి ఉన్నట్టే ఆ మూతి లోపల చిన్న పిన్ను ఉంటుంది. దాని రబ్బరు అరిగిపోయింది. పైన ఉండాల్సిన టోపీ కూడా లేదు. మొదటిసారి గ్యాసు ఎక్కించినప్పుడే ఎవరో తీసి మళ్ళీ పెట్టడం మరిచి ఉంటారు. అప్పుడు గుర్తొచ్చింది వరదానానికి. సోమవారం ఆ మూతి చుట్టూ జిడ్డుగా, నల్లగా మట్టి అంటుకుని ఉంది. తను వెతుకుతున్న మరక అదే. గొట్టం బిగించడానికి అడ్డమని తన చేత్తోనే తుడిచేశాడు. ఆ సంగతి కూడా కూతురికి దాచకుండా చెప్పాడు.

బుధవారం అహ్మద్ కొత్త పిన్నులు, రెండు టోపీలు తెచ్చాడు. నైట్రోజన్ వదిలేసి, రెండు మూతులకీ పిన్నులు మార్చారు. వాక్యూమ్ పంపు పెట్టి ముప్పావుగంట పైపుల్లో గాలీ తేమా లాగేశారు. పంపు ఆపి ఇంకో అరగంట ఆగారు. ముల్లు కదల్లేదు. ఈసారి వరదానం ముల్లు మాట నమ్మలేదు. గ్యాసు ఎక్కించి గొట్టాలు విప్పాక, టోపీలు పెట్టకముందు రెండు మూతులకీ నురగ పూసి, పది నిమిషాలు ఎండలో నిలబడి చూశాకే సరేనన్నాడు.

గ్యాసు ఎంత ఎక్కించాలో బానెట్ కింద చిన్న కాగితం మీద అచ్చు వేసి ఉంది. నాలుగు వందల యాభై గ్రాములు. అహ్మద్ ఎప్పుడూ గేజీ చూసి అలవాటు మీద ఎక్కించేవాడు. వరదానం తూకం కావాలన్నాడు. మెర్సీ వెన్నా పంచదారా తూచే కాటా తెచ్చింది. అహ్మద్ తెచ్చిన చిన్న సిలిండరుని దాని మీద నిలబెట్టి, అంకెలు ఒక్కొక్కటీ తగ్గుతుంటే రాజకుమారి గుమ్మంలోంచి పైకి చదివింది. ఏసీ వేశారు. కేకు ఉడికిందో లేదో చూసే థర్మామీటరు గాలి వచ్చే చోట గుచ్చితే, కాసేపటికి ఏడు డిగ్రీలకి దిగి అక్కడ ఆగింది.

శనివారం కైకలూరు పెళ్ళికి కేకు పదిలంగా చేరింది. ఆ కారులో వరదానం కూడా వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆగడాలలంక వైపు తిప్పమన్నాడు కూతుర్ని. శామ్యూల్ అక్కడ చెరువు గట్టు మీద కాపలా ఉంటున్నాడు. పండగలకీ పెళ్ళిళ్ళకీ కలుస్తూనే ఉంటారు గాని, ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. మెర్సీని కారులో ఉండమని వరదానం ఒక్కడే గట్టు మీదికి నడిచాడు. పావుగంట నిలబడే చెప్పాడు.

శామ్యూల్ అంతా విని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ముక్కు నీకొక్కడికే ఉందా వరదానం? ఆ మూడు రోజులూ నాకూ కొట్టింది వాసన. నేనూ పనిలోకి వచ్చాను," అన్నాడు. కండువా భుజాన వేసుకుని, "కానీ చెప్పడానికి పదకొండేళ్ళు తీసుకున్నావు చూడు, అది బాలేదు," అన్నాడు.

వరదానం బాలేదనే ఒప్పుకున్నాడు. శామ్యూల్ ఆయన్ని ఉత్తచేతులతో పంపలేదు. వలలో ఉన్న రెండు కొరమేనులు తాటాకు బుట్టలో వేసి ఇచ్చాడు.  దార్లో ఆయనే, వాడికి కోపం వచ్చిందమ్మా, వస్తే మంచిదే, అన్నాడు.

ఆ నెలాఖరుకి అహ్మద్ మళ్ళీ వచ్చాడు, కేకు కోసం కాదు. తన దగ్గరికి గ్యాసు నిలవని కార్లు వారానికి నాలుగైదు వస్తున్నాయట. వెతికే ఓపిక తనకి లేదని, వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటే చాలని వరదానాన్ని అడిగాడు. వరదానం భార్య వైపు చూశాడు.  రాజకుమారి, షాపు నాలుగు గోడల మధ్యా, రేకుల కిందా అని అహ్మద్‌నే అడిగింది. రోడ్డు పక్కన వేపచెట్టు కింద పనండీ అన్నాడతను. చూసిగాని చెప్పనంది. మర్నాడు బస్సులో ఏలూరు వెళ్ళి, నిజంగానే చూసొచ్చింది.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పాసింజరు రైలెక్కుతాడు వరదానం. కొన్ని కార్లకి లీకు గంటలో దొరుకుతుంది, కొన్నిటికి రెండు రోజులు పడుతుంది. ఒకటి రెండు అసలు దొరకనివీ ఉన్నాయి. అవి దొరకలేదనే చెప్పి పంపిస్తారు. లీకు సంగతి తర్వాత, ముందు గ్యాసు ఎక్కించండి, ఊరెళ్ళాలి అనేవాళ్ళు కూడా వస్తుంటారు. వాళ్ళతో వరదానం వాదించడు. పక్క వీధిలో ఇంకో షాపుందండీ అని దారి చెప్పి, తన స్టూలు మీద తను కూర్చుంటాడు.